రెండో డిస్కులో ప్రభావతి

"నాన్నా, అమ్మ మౌంట్ కాలేదు," అంది కావ్యశ్రీ తన గదిలోంచి.

వంటింట్లో ఉన్న ఈశ్వరరావుకి "అమ్మ మౌనం కాలేదు" అని వినబడింది. ఆయన ఒక చెవి ఎప్పుడో రిటైరైంది, రెండోది పార్ట్‌టైమ్. భార్య ప్రభావతి పోయి ఎనిమిది నెలలు. బతికున్నన్నాళ్లూ ఆవిడ మౌనంగా ఉన్నది లేదు గనక ఆయన మళ్లీ అడగలేదు.

విదేశంలో, రోటోటూనా అనే పేటలోని ఆ ఇంట్లో పాత కంప్యూటరుకి రెండు డిస్కులు. ఒకదాన్లో భక్తి పాటలు. రోజూ ఆరింటికి పాటల ఫోల్డర్లో ఏదుంటే అది పూజగది స్పీకర్లో దానంతటదే మోగుతుంది. రెండోదాన్లో ప్రభావతి గొంతు. పంతులుగారు వెంటనే దొరకని ఊళ్లో వ్రతాలెలా చేసుకోవాలో కూతురి కోసం చెప్పి రికార్డు చేయించింది. వేరే కాపీ లేదు. ఆ సాయంత్రం సిస్టమ్ అప్‌గ్రేడ్ చేశాక "అమ్మ" అన్న ఫోల్డరు ఖాళీ.

కావ్యశ్రీ బయటికొచ్చింది, కళ్లు తుడుచుకుంటూ. "ఆ డిస్కు పోయింది నాన్నా. రేపు ఆఫీసుకెళ్తూ పీకి రీసైక్లింగులో ఇచ్చేస్తా."

మర్నాడు ఆరింటికి పొగమంచులో పక్కింటి కంచె కూడా లేదు. ఈశ్వరరావు దీపం వెలిగించి పాట కోసం ఆగాడు. పాట రాలేదు. స్పీకర్లో ఎవరో ఊపిరి తీసుకున్నారు. గాజులు కదిలాయి.

"ఏవండీ, ఉన్నారా?"

చేతిలో అగ్గిపెట్టె జారింది. "ఉన్నా," అన్నాడు.

"అయితే ఆ దీపం చూడండి. కొండెక్కేలా ఉంది."

చూశాడు. ఒత్తి నిజంగానే నూనెలోకి జారిపోతోంది. ఎగదోశాడు. వేలు కాలింది, వెన్ను చల్లబడింది.

"హమ్మయ్య," అంది ప్రభావతి.

స్క్రూడ్రైవరుతో డిస్కు పీకడానికి దిగుతున్న కావ్యశ్రీ మెట్లు రెండేసి దూకుతూ వచ్చింది. వెనకే అల్లుడు దుర్గేష్.

కాసేపు కంప్యూటరు ముందు కూర్చుని అందరికీ చెప్పిందామె. "తప్పు నాదే. డిస్కులకి సొంత నంబర్లుంటాయి, సెట్టింగుల్లో అవి రాయలేదు. మనిళ్లల్లో పెద్దోడు, చిన్నోడు అన్నట్టు మొదటిది పాటలు, రెండోది అమ్మ అని వరసతో రాశా. అప్‌గ్రేడయ్యాక అమ్మ ముందు లేచి పాటల చోట కూర్చుంది. పాటల డిస్కు ఫార్మాట్ వేరు, అమ్మ చోట ఇమడలేదు."

"అత్తయ్యగారు ఎప్పుడూ అందరికంటే ముందే లేచేవారుగా," అన్నాడు దుర్గేష్.

"మరి ఆ దీపం?"

"రికార్డు చేసిన రోజు కూడా ఒత్తి వేసింది నువ్వే నాన్నా. నీ ఒత్తులెప్పుడూ పొట్టే."

"నిన్న అమ్మ మౌనం కాలేదన్నావు మరి?"

"మౌంట్ కాలేదన్నాను. డిస్కు దాని చోట కుదురుకోలేదని."

ఈశ్వరరావు కాలిన వేలు ఊదుకున్నాడు. "ముందు రెండు కాపీలు తియ్యి. వరస మార్చడం నిదానంగా చూద్దాం."