గడపకడ్డం పండుకున్న నీడ

పొద్దున లేవంగనే పుల్లమ్మకు మొదలు కనపడేది కోడలి నీడ. కోడలు పుష్పలత ఎప్పుడో లేసి, వాకిలి ఊడ్చి, పొయ్యి ముట్టిచ్చి, పిల్లకు పాలు గూడ పట్టేది. నీడ మాత్రం చాప మీదనే. పిల్ల పుట్టిన కాన్నుంచి అది లేస్తలేదు. నడింట్ల గట్ల పండుకుంటే ఇల్లు అలుకుడెట్ల? పండుకున్న మనిషిని దాటొద్దన్నట్టే నీడను గూడ దాటొద్దు, దాటితే మళ్ల లేవదంటరు. అందుకని ఇంటిల్లిపాది గోడల పొంటి నడుసుడే. ఒకనాడు యాష్టకొచ్చి పుల్లమ్మ పేడనీళ్లు కలుపుకొచ్చి నీడ మీదికెళ్లే అలికి పారేసింది. అలుకు ఆరింది, నీడ అట్లనే ఉంది.

ఇరుగుపొరుగు ఊకుంటరా? దిష్టి తీయమన్నదొకామె, తాయెత్తు కట్టమన్నదొకామె. పుల్లమ్మ అన్నీ చేసింది. ఏం లాభం, నీడ అంచులు పలసబడుతున్నయి. ఎనకట పుల్లమ్మ చెల్లె నీడ గూడ గిట్లనే పలసబడి ఆఖరుకు మాయమైంది. ఆ వారమే చెల్లె పానం తీసుకుంది. ఆ భయం పుల్లమ్మ ఎవలకూ చెప్పలే. భయం పెరిగిన కొద్దీ ఆమె నోరు పెద్దదయ్యేది, గంతే.

టీకాలకొచ్చే నర్సు ఇన్నమ్మ నీడను చూసి, ఇది బాలింతలకు వచ్చే మనసు జబ్బు, మందులున్నయి, పైస కట్టేదుండదని చెప్పింది. బుధవారం టౌన్ల దవాఖానాకు మనసు డాక్టర్ వస్తడు, నీడను గూడ తీస్కపోండ్రి, అది చూడందే ఆయనకు తెల్వదన్నది.

సరేనని పుల్లమ్మ నీడను చాపతోని సహా చుట్టి నెత్తిన పెట్టుకుంది. వెనక పుష్పలత, చంకల పిల్ల. బూర్గంపాడు దాక నడక, ఆడికెళ్లి ఆటో. తీరా పోతే డాక్టర్ రాలే. మళ్ల బుధవారం పోయిర్రు, మీటింగన్నరు. ఇయ్యాల మూడోసారి పోతే, డాక్టర్ ఖమ్మంలనే ఉంటడు, ఆడికే పోండ్రన్నరు చీటీల కిటికీల కూసున్నోళ్లు. ఖమ్మం అంటే పక్క వాడనా? బీడీల తునికాకు కోతలు ఇడిసిపెట్టి వచ్చిన పుల్లమ్మకు కడుపు మండింది.

పైంగ కోటేష్ అనే గార్డు, చాపలు గిట్ల లోపలికి తేవొద్దు, బయటికి నడువుండ్రని కసిరిండు. పుల్లమ్మ నడిచింది. సక్కగ పెద్ద దర్వాజ కాడికి పోయి, గడపకడ్డంగ చాప పరిచింది.

ఇగ చూస్కోండ్రి. దాటేటోడు లేడు. లోపలోళ్లు లోపల, బయటోళ్లు బయట. పానం మీదికొచ్చినోళ్లకు వేరే తలుపుంది గాబట్టి సరిపోయింది. సూపరింటెండెంట్ ఉరుక్కుంట వచ్చి, నీడను చూసి ఆయన గూడ ఆగిండు. తీయమ్మా అని బతిలాడిండు.

"నేను తీయ సారూ. ఇన్నిసార్లు మేమే వచ్చినం. ఇయ్యాల ఆ డాక్టర్నే రమ్మను. నా కోడలు పోయినంక వచ్చి ఏం చూస్తడు?"

పుష్పలత అత్త ముఖం దిక్కు చూసింది. పొద్దంత తిట్టే అత్త కండ్లల్ల నీళ్లు చూసుడు ఆమెకు అదే మొదలు.

అప్పుడు కోటేష్ నీడ కూలబడింది. కర్ర పట్టుకుని ఆయన నిలబడే ఉన్నడు, నీడ మాత్రం వచ్చి చాప పక్కన పండుకుంది. తర్వాత మందులిచ్చే ఆమె నీడ. ఎనకనే లైన్ల నిలబడ్డోళ్లవి ఒక్కొక్కటి. వరండ నిండ నీడలే. సూపరింటెండెంట్ ఫోన్ తీసి ఖమ్మం కలిపిండు. ఇయ్యాలనే రావాలె, ఇగ వారం తప్పకుంట రావాలె, లేకుంటే దవాఖానా నడవదని గట్టిగ చెప్పిండు. డాక్టర్ బయలెల్లిండంట.

పుష్పలత పిల్లను అత్త ఒళ్ల పెట్టి, పోయి గార్డు పక్కన మెట్టు మీద కూసుంది.

"ఎప్పటి సంది అన్నా, లోపల ఈ బాధ?" అనడిగింది.

"మా అమ్మ పోయిన కాన్నుంచి," అన్నడు కోటేష్.

"నాకు పిల్ల పుట్టిన కాన్నుంచి. చచ్చిపోవాలనిపిస్తది. ఇంట్ల చెప్తే తిడతరని చెప్పలే."

పుల్లమ్మ విన్నది. నోరు తెరిచింది గని తిట్టు రాలే.

"తిట్టను బిడ్డా, చెప్పు," అన్నది.

పుష్పలత చెప్పుడు మొదలుపెట్టింది. చెప్తాంటే చాప మీద నీడ మోచెయ్యి ఊని, మెల్లగ లేసి కూసుంది. పుల్లమ్మ కొంగుతోని కండ్లు తుడుసుకుని నీడ దిక్కు తిరిగింది.

"లేస్తే లేసినవ్ గని, డాక్టర్ వచ్చేదాక ఏడికీ పోకు," అని గదిరిచ్చింది.