పిలిస్తే లేవని నికెల్

బాలలక్ష్మికి మొగుడి మీద పెద్ద ఫిర్యాదే ఉంది. తాగడు, పేకాడడు, గొంతు పెంచడు. పక్కింటివాళ్లతో కలిసి నోరారా తిట్టుకుందామంటే ఒక్క సందూ ఇవ్వడు. ఉన్నదల్లా నికెల్. చారన్నం కలుపుకుంటూ కూడా నికెల్ గురించే మాట్లాడతాడు. కరీంనగర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే రాయమల్లు పంతొమ్మిది వందల అరవై రెండు ఎండాకాలంలో, ఒకనాడు పొద్దున్నే వంటింట్లోకి ఉరికొచ్చాడు.

“నా ఎర్ర నికెల్‌ను అయస్కాంతం గుంజుతున్నదే! పుస్తకాలల్ల రాసిందంత తప్పు!”

బాలలక్ష్మి గరిటె దించింది. హైదరాబాదులో బీఎస్సీ చదివిన మనిషి. మొగుడు తయారుచేసిన ఆ ఎర్ర నికెల్ సంయోగంలో ఎలక్ట్రాన్లన్నీ జంటలు జంటలుగా కూర్చుంటాయని ఆమెకు తెలుసు. ఒంటరిగా మిగిలింది ఉంటేనే కదా, అయస్కాంతం పిలవగానే లేచిపోయేది! ఈ ఎలక్ట్రాన్లన్నీ సంసారపక్షం.

“సరిగ చూసిండ్రా?”

“పొడిని గాజు గొట్టంల నింపి, త్రాసుకు ఏలాడదీసి చూసిన. కింద అయస్కాంతం పెట్టంగనే బరువు పెరిగింది. ఉత్తరం గూడ రాసిన.”

ఉత్తరం హైదరాబాదు ప్రొఫెసరుకు. రాయమల్లుకు రీసెర్చ్ సీటు ఇవ్వాలో వద్దో తేల్చేది ఆయనే. మధ్యాహ్నం టపాలో పడితే, ఆ మాట తప్పయితే, సీటు గోవింద. పైగా డిపార్ట్‌మెంటు పెద్ద ఇబ్రాహీం సాబ్‌కు కూడా చెప్పేశాడు. ఆయన చూడ్డానికి బయల్దేరాడట.

ఆయనకు చాయ్ పెడదామని ఏలకులు దంచడానికి బాలలక్ష్మి చిన్న ఇనుప రోలు అందుకుంది. రోలు కడిగి ఉంది. నాలుగేళ్ల కాపురంలో మొగుడు కడిగిన మొదటి వస్తువు! లోపల అడుగున ఎర్రటి చార మిగిలింది.

“గిండ్ల నూరిండ్రా?”

“కాలేజీల పింగాణి రోలు పగిలింది. మెత్తగ నూరితెనే గొట్టంల సమంగ నిండుతది. కడిగి పెట్టిన గద, గంత పరేషానెందుకు?”

“ఏలకుల రోట్ల విషం నూరి, ఫికర్ జెయ్యకంటరా? ఇగ గీ రోలు మీకూ, మీ నికెల్‌కూ. ఏదీ, గా పొడి ఇటియ్యున్రి.”

చిటికెడు పొడి తెల్లకాగితం మీద పరిచి, కాగితం కింద అయస్కాంతం జరిపింది. ఎర్ర పొడి ఉన్నచోటే కూర్చుంది. దాన్లోంచి నల్లటి నలుసులు ఐదారు లేచి, అయస్కాంతం ఎటు పోతే అటు నడిచాయి.

“దుమ్మయి ఉంటది” అన్నాడు రాయమల్లు, సన్నగా.

“దుమ్ము గింత భక్తితోని నడుస్తదా?”

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. “ముబారక్, రాయమల్లూ! ఉత్తరం డబ్బల పడ్డదా?” అంటూ ఇబ్రాహీం సాబ్ లోపలికి వచ్చాడు.

రాయమల్లు భార్య వైపు చూశాడు. ఆమెకు ఉన్నట్టుండి పప్పు ఉడికిందో లేదో చూడాల్సిన పని పడింది. అతను జేబులోంచి కవరు తీసి, నాలుగు ముక్కలు చేశాడు.

“పుస్తకం సరిగనే ఉన్నది, సాబ్. తప్పు నాది. ఇనుప రోట్ల నూరి, ఇనుపరజను కలిపి, పాపం నికెల్‌ను బద్నాం జేసిన. పట్టుకున్నది మా బాలలక్ష్మి.”