మాట వచ్చేలోగా

ఆదివారం సాయంత్రం లైబ్రరీ మేడ మీది హాల్లో కుర్చీలు సర్దడం లైబ్రేరియన్ పని, తెర కట్టడం ఆమె అత్తగారి పని. ఆవిడ స్టూలెక్కి, మేకుకి తాడు బిగించి, "కాస్త ఎడమకి లాగు" అని పెదాలు కదిపి దిగిపోయేది. ఆ మాట వినిపించేసరికి కోడలు తెర ఎప్పుడో లాగేసి ఉండేది.

అత్తగారి మాట ఎప్పుడూ అంతే. ముందు పెదాలు కదిలేవి, కాసేపటికి మాట వచ్చేది. ఇరవై ఏళ్ళు డబ్బింగ్ థియేటర్లో హీరోయిన్ల పెదాలకి గొంతు అతికించీ అతికించీ, సొంత పెదాలకి గొంతు అందకుండా పోయింది. వీధిలో అందరికీ అలవాటే. కూరగాయలతను ఆవిడతో బేరం మొదలెట్టి, పక్కింటికెళ్ళొచ్చి జవాబు వినేవాడు. "ఆవిడ మాట వెనక బండిలో వస్తుందండీ" అనేవాడు. మావగారు బతికున్నన్నాళ్ళూ హాయిగా గడిపారు. తిట్టుని పెదాల్లోనే చదివేసి, మాట వచ్చేలోగా చెప్పులేసుకుని వీధి దాటేసేవారు. ఫోనుతోనే చిక్కంతా. ఆవిడ "హలో" చేరేలోగా అవతలివాళ్ళు పెట్టేసేవారు. రావలసిన పనులన్నీ అలాగే పోయాయి.

లైబ్రరీలో కోడలు వారం వారం వేసేది సినిమా తీయడం గురించి తీసిన సినిమాలు. మొదట్లో జనం కంటే కుర్చీలెక్కువ. తర్వాత దర్జీ, బస్సు డ్రైవరు, రిటైరైన లెక్కల మాస్టారు పక్కవాళ్ళని వెంటేసుకొచ్చారు. తను తీయబోయే మొదటి సినిమాకి మనుషుల్ని వెతుక్కుంటున్న ఓ డైరెక్టరమ్మాయి కూడా వచ్చి చివరి వరసలో కూర్చునేది.

ఆ వారం ఓ పాత సినిమా వేశారు. గాలికి సెట్టంతా కూలిపోయాక, హీరోయిన్ అటు తిరిగి కూర్చుని ఏడుస్తుంది. హాల్లో చాలామంది ముక్కులు చీదారు.

"ముఖం చూపించకుండా గొంతుతోనే ఏడిపించేసిందండీ ఆ పిల్ల!" అన్నారు మాస్టారు, లైట్లు వెలిగాక.

కోడలికి మనసాగలేదు. "ఆ గొంతు ఆ పిల్లది కాదు మాస్టారూ. మా అత్తయ్యది."

తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. అత్తగారు లేచి నిలబడింది. పెదాలు కదిలాయి, చాలాసేపు కదిలి ఆగిపోయాయి. ఎవరూ లేవలేదు. డ్రైవరు తీసిన తాళాలు మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

అప్పుడొచ్చింది మాట.

"ముఖం కనపడకపోయినా ఆ అమ్మాయికి కళ్ళలో వేసుకోవడానికి గ్లిజరిన్ ఇచ్చారు. నాకెవరిస్తారు? మైకు ముందు నిలబడి నిజంగానే ఏడ్చాను. మూడో టేకుకి సౌండింజనీరు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. తెర మీద పేర్లలో నా పేరు వెయ్యలేదు. వెయ్యకపోతేనేం, ఆ ఏడుపు నాది. బాగా ఏడ్చాను."

అందరితోపాటు ఆవిడా నిలబడి ఆ మాటలు వింది. ఇన్నేళ్ళూ ఆ గొంతు వినపడ్డప్పుడల్లా ఎదురుగా ఇంకెవరి ముఖమో ఉండేది. ఇవాళ అందరూ తన ముఖాన్నే చూస్తున్నారు. మెడ దానంతటదే నిటారైంది. పాత అలవాటుకొద్దీ పెదాలు మాటల వెంటపడ్డాయి. ఓ ముక్క జారింది, ఇంకోటి చిక్కింది. "బాగా ఏడ్చాను" దగ్గర పెదవీ మాటా ఒక్కసారే పడ్డాయి. మళ్ళీ విడిపోలేదు.

చప్పట్లు ఆగాక డైరెక్టరమ్మాయి ముందుకొచ్చింది. "అమ్మా, నా సినిమాలో ఓ పెద్దావిడ వేషముంది. ఎవర్నో నిలబెట్టి మీచేత చెప్పించుకోవడం నాకిష్టం లేదు. గొంతూ మీదే, ముఖమూ మీదే. చేస్తారా?"

"చేస్తాను," అంది ఆవిడ, అమ్మాయి నోరు మూసేలోగా.

మెట్లు దిగుతూ కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "కెమెరా ముందెప్పుడూ నిలబడలేదు కదా అత్తయ్యా, భయం లేదూ?"

"భయమెందుకే? ఇన్నేళ్ళూ ఎవరెవరి పెదాలనో పరిగెత్తి అందుకున్నాను. ఇప్పుడా కెమెరాని నన్నందుకోమను."