చిరిగిన మూల

మార్తమ్మ టీచరు ఇంట్లో వాడిన పాతగుడ్డ ఒకటి తెమ్మని పిల్లలకు చెప్పిందని విన్నప్పుడే హసీనా గుండె గతుక్కుమంది. కట్టి విడిచిన గుడ్డ పరాయిచేతిలో పెట్టడానికి గురజాలలో ఎవరు భయపడరు? అదీ ఎనభై నాలుగులో, చేతబడి పుకార్లు ఊరంతా తిరుగుతున్నప్పుడు. బాలవాడిలో కథల మూల కడతారట. ఎవరింటి గుడ్డ కింద వాళ్ళు కూర్చుని, ఆ ఇంటి కథ చెప్పాలట.

"కథ చెప్పడానికి గుడ్డ ఏందే? చేతబడికైతే కావాలి గానీ," అంది పక్కింటి జ్ఞానమ్మ.

హసీనా తెలివిగా, భర్త మక్బూల్ కుట్టు దుకాణంలో మిగిలిన కొత్త ముక్క కూతురు షహనాజ్ చేతికిచ్చి పంపింది. ఎవరి ఒంటికీ తగలని గుడ్డ.

వారం తిరక్కుండానే ట్రంకుపెట్టె తెరిస్తే, చనిపోయిన అత్తగారి ఆకుపచ్చ ఓణీ కనబడలేదు. పిండి చేతులతోనే బాలవాడికి పరుగెత్తింది.

నాపరాళ్ళ గదిలో ఓ మూల, పిల్లల తలలు తగిలేంత ఎత్తులో గుడ్డలు పందిరిలా కట్టి ఉన్నాయి. మధ్యలో ఆ ఓణీ.

"మా పిల్లతో దొంగతనం చేయిస్తున్నారా టీచరమ్మా?"

"నేనడగలేదు హసీనా. ఆ కొత్త ముక్క కింద నీ కూతురు నోరే తెరవలేదు. పొద్దున ఇది పట్టుకొచ్చింది. నువ్విచ్చావనుకున్నా."

హసీనా ఓణీ లాగి విప్పింది. ఒక మూల బెత్తెడు గుడ్డ లేదు.

"ఈ ముక్క ఎవరికిచ్చారు?"

"నేను దానికి కత్తెరే పెట్టలేదమ్మా."

"మరి ఎలకలు పట్టకపోయినయ్యా? పదవే షహనాజ్. రేపట్నుంచి ఇటు అడుగుపెట్టావంటే కాళ్ళిరగ్గొడతా."

షహనాజ్ కదల్లేదు. "దాదీయే చించింది అమ్మీ. నాకు చెప్పింది. పెళ్ళయి బెల్లంకొండ నుంచి వస్తా ఉంటే బండి సీల ఊడిపోయిందంట. చక్రం జారిపోతా ఉంటే మగోళ్ళంతా తిట్టుకుంటా నిలబడ్డారంట. దాదీ దిగి, ఓణీ చించి, పుల్లకు చుట్టి, సీల బెజ్జంలో దిగ్గొట్టిందంట. దాదా సిగ్గుపడి దారంతా మాట్లాడలేదంట."

"దాదా మొహం పెట్టవే మళ్ళీ," అంది ఓ పిల్ల. షహనాజ్ మూతి ముడిచింది. పిల్లలు పడీపడీ నవ్వారు.

అత్తతో ఏళ్ళ తరబడి ఒకే పొయ్యి దగ్గర వండిన హసీనాకు ఈ సంగతి తెలియదు. చిరిగిన అంచును కిటికీ వెలుగులో పెట్టి చూసింది. కత్తెర గాటు కాదు. పోగులు పాతబడి, ఉండలు కట్టి, రంగు వెలిసి ఉన్నాయి. అయినా మరోసారి తడిమి చూసింది.

తర్వాత ఓణీ మడిచి మార్తమ్మకిచ్చింది.

"జానెడు పైకి కట్టండి. పిల్లల తలనూనె అంటుద్ది."