పోగుల వాలు

భూతద్దం గారింటికి తివాచీ తీసుకెళ్లమంటే ఉతికే షెడ్డులో ఒక్కరూ ముందుకొచ్చేవారు కాదు. ఆవిడకా పేరు పెట్టింది బండి డ్రైవరు. ఏటా తివాచీ వెళ్తుంది, ఏటా ఏదో ఒక వంకతో తిరిగొస్తుంది. ఓ ఏడు మూలన సబ్బు జిగట, ఓ ఏడు అంచున తడి. వాటిని మిగతావాళ్లు వెతికి చూసినా కనిపించేవి కావు. మామగారు మాత్రం విసుక్కునేవారు కాదు. "ఆవిడ ఉందంటే ఉండే ఉంటుంది" అని నీళ్ల పైపు అందుకునేవారు.

మామగారికి నడుం పట్టేశాక షెడ్డు కోడలి చేతికొచ్చింది. రెండు నెలలైంది. "ఒక్క ఇల్లు పోగొట్టావా, మంచం దిగి నేనే వచ్చి కూర్చుంటా" అని పెద్దాయన నవ్వుతూనే అన్నారు గానీ, అందులో సగం నిజమని ఆమెకు తెలుసు. ఆ షెడ్డు తనదవ్వాలని ఆమె ఎంతగా కోరుకుంటోందో మొగుడికి కూడా తెలియదు.

మామగారికో అలవాటుండేది. ఇళ్లలో తివాచీ చుట్టేముందు కిటికీ వైపు కుచ్చులకు తెల్ల దారం ముక్క కట్టేవారు. నాలుగు పక్కలా ఒకే లతలు, నడుమ ఒకే పువ్వు, ఎటు పరిస్తే ఏం మునిగింది? చాదస్తం అనుకుంది కోడలు. దారం మానేసి ఫోన్‌లో ఫొటో తీసుకోవడం మొదలుపెట్టింది. తీసేది గానీ, పరిచేటప్పుడు చూసిన పాపాన పోలేదు.

ఆ రోజు భూతద్దం గారింట్లో తివాచీ పరిచి, దాని మీద కుర్చీ వేసి నిలబడింది. పెద్దావిడ కుర్చీలో కూర్చుని చెప్పులు విడిచి, లేచి కిటికీ వైపు నాలుగడుగులు వేసింది. అయిదో అడుగు పడలేదు.

"ఇది నా కార్పెట్ కాదు."

కోడలు ఓ అడుగు ముందుకేసింది. "అదేంటండీ, మీదే. నా చేతుల్తో ఉతికాను."

"మార్చేశారు. పాతికేళ్లుగా తొక్కుతున్నాను, ఆ మాత్రం తెలీదా? మీ మామగారికి నన్ను ఫోన్ చెయ్యమంటావా, నువ్వే చేస్తావా?"

దొంగతనం అంటగడుతోందని కోడలికి ఒళ్లు మండింది. అంచు మడిచి, వెనక కుట్టిన నంబరు చీటీ చూపించింది. ఆవిడ తల తిప్పలేదు. చిరుగు మీద వేసిన పాత రఫ్ఫు చూపించింది. అటూ చూడలేదు. ఎంత టెక్కో అనుకుంటూ ఫోన్ తీసి ఆవిడ ముఖం ముందు పెట్టింది.

"ఇదిగోండి, తీసుకెళ్లేముందు తీసిన ఫొటో. ఈ రఫ్ఫూ ఆ రఫ్ఫూ ఒకటేనా, కాదా? మీరే చెప్పండి."

ఆవిడ కాసేపు ఫోన్ కేసి చూసింది. "ఫొటోలు ఎవరైనా తీస్తారు" అంది.

కోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది. ఫోన్ తెర నల్లగా ఉంది. ఎప్పుడు ఆరిపోయిందో ఏమో, తెర మీద ఏ ఫొటో లేదు.

ఇన్నేళ్లూ షెడ్డు షెడ్డంతా హడలిపోయిన ఆ కళ్లకు చూపే లేదు. మరి సబ్బు జిగట? అంచున తడి?

"అమ్మా," అంది, గొంతు దానంతటదే తగ్గిపోయింది, "తేడా ఎక్కడుందో చెప్పండి."

"కుర్చీలోంచి కిటికీకి వెళ్తుంటే పోగులు పాదం కింద పడుకోవాలి. వెనక్కి వస్తుంటే ఎదురు తిరగాలి. ఇప్పుడు వెళ్తుంటేనే ఎదురు తిరుగుతున్నాయి. ఇక నేను ఎటు..." ఆవిడ ఠక్కున ఆగింది. "నాకు చిరాగ్గా ఉంది, అంతే."

కోడలు మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో నిమిరింది. నిజమే. ఫొటో మళ్లీ తెరిచింది. అందులో రఫ్ఫు కిటికీ పక్కనుంది, ఇప్పుడేమో తలుపు పక్కనుంది. నిర్దోషినని చూపించుకోబోయిన ఫొటోయే ఆమెను పట్టిచ్చింది.

ఉతికితే పోగులు లేస్తాయండీ, వారంలో సర్దుకుంటాయి అంటే సరిపోయేది. ఫొటో ఆవిడకు ఎలాగూ కనిపించదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ కాలివేళ్లు దారి కోసం తివాచీలో వెతుక్కుంటున్నాయి.

"తప్పు నాదేనండీ. తిప్పి పరిచేశాను."

ఆవిణ్ని గుమ్మం దగ్గర నిలబెట్టి, కుర్చీ తీసి, తివాచీని తిప్పి మళ్లీ పరిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఆవిడ కుర్చీలోంచి లేచి నడిచింది. ఎక్కడా తడబడలేదు, తడుముకోలేదు. చెయ్యి చాచేసరికి కిటికీ గొళ్లెం చేతికందింది. కిటికీ రెక్క తెరిచింది, గదిలోకి గాలి వచ్చింది. పదేళ్లుగా తివాచీలు ఉతుకుతూ తను ఒక్కసారీ తివాచీని చూడనే లేదని కోడలికి అనిపించింది.

వెనక్కి వస్తూ ఆవిడ నడుమ ఆగి బొటనవేలు ఆనించింది. "ఇక్కడ సబ్బుంది."

కోడలు తాకి చూసింది. ఉంది.

"ఇక మీ మామగారికి కలుపు."

కోడలు కలిపి ఆవిడ చేతిలో పెట్టింది.

"కార్పెట్ వచ్చిందండీ" అంది పెద్దావిడ. "నాదే. కాస్త సబ్బుంటే మీ కోడలు తుడుస్తోంది. వచ్చే ఏడు కూడా తననే పంపండి."

ఫోన్ తిరిగి కోడలి చెవికొచ్చింది. మామగారు సబ్బు సంగతి ఎత్తలేదు.

"దారం కట్టావా అమ్మా?" అన్నారు.

అంటే ఆవిడకు చూపు లేదని ఆయనకు ముందే తెలుసు. ఇన్నేళ్లుగా తెలుసు, ఎవరికీ చెప్పలేదు. ఆమె కొంగు అంచున ఓ పోగు లాగి, కిటికీ వైపు కుచ్చుల దగ్గర కూర్చుంది.

"కడుతున్నా మామయ్యా."