అందరికీ ఒకటే ప్రశ్న

"టీ కప్పులు పంచుడేనా, ఈసారి కుర్సీల గూడ కూసోబెడ్తరా నిన్ను?" అన్నాడు సురేందర్, నేను పెనం మీద జొన్నరొట్టె తిప్పుతుంటే.

మా ఆయన చెడ్డవాడు కాదు. నవ్వుతూనే అన్నాడు. నన్ను చిన్నబుచ్చిన మాటలన్నీ ఇలా నవ్వుతూ అన్నవే కాబట్టి, దేనికీ గట్టిగా కోపం తెచ్చుకోలేకపోయాను.

గద్వాలలో ఒక పత్తి విత్తనాల కంపెనీ ఆఫీసులో పదకొండేళ్లుగా నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఇంటర్వ్యూలున్న రోజు దరఖాస్తులు వరసపెట్టేది నేనే, పేర్లు పిలిచేది నేనే, టీలు అందించేది నేనే, చివరికి సార్లు చెప్పిన మార్కులు ఎక్కించేదీ నేనే. ఈసారి ఇంటర్వ్యూ చేసేవాళ్లలో ఒక స్త్రీ ఉండి తీరాలని హైదరాబాద్ ఆఫీసు నుంచి ఆర్డరొచ్చింది. మేనేజర్ యోహాను సార్ నన్ను పిలిచి, "ఇంకెవరున్నరమ్మా మల్లీశ్వరీ, నువ్వే కూసో. ఏం అడిగే పని లేదు, ఆఖరుకు సంతకం పెడితే సాలు" అన్నారు.

ఆ మాట చెబితే మా అత్త కాశమ్మ వెల్లుల్లి వొలుస్తూ తలెత్తింది. "ఏం అడగనప్పుడు ఎందుకు కూసునుడు?" అంది. ఆమె పదిహేనేళ్లు విత్తనపత్తి చేలల్లో క్రాసింగ్ పనికి పోయిన మనిషి. మధ్యాహ్నం దాటాక మొగ్గ ఒలిచి లోపలి మగభాగం తీసేయడం, పొద్దున్నే దానికి వేరే పువ్వు పుప్పొడి అద్దడం, అదీ ఆ పని. "మేము పనికి పోయిననాడు మేస్త్రి చేతుల మొగ్గ వెట్టి ఒలువుమనేటోడు. వస్తే పని, రాకుంటే ఇంటికి. నీ మొగుడేం జేస్తడని ఏ మేస్త్రీ అడగలె."

ముందురోజే నేను పాత ఫైళ్లు దింపి చూసుకున్నాను. ఐదేళ్లలో పద్నాలుగు మంది ఫీల్డ్ సూపర్‌వైజర్లను తీసుకున్నాం, అందరూ మగవాళ్లే. సీజన్ చివరిదాకా నిలిచింది ఐదుగురు. మాటకారులని ఎక్కువ మార్కులు పడ్డవాళ్లే ముందు మానేశారు. నిరుడు ఇద్దరు అలా నడిమధ్యలో పోతే, చూసే దిక్కు లేక గట్టు మండలం చేల విత్తనం పరీక్షలో తప్పింది, రైతులు తలలు పట్టుకున్నారు. ఇక పక్కన పెట్టేసిన ఆడవాళ్ల దరఖాస్తులు ఇరవైకి పైనే ఉన్నాయి. అంచుల్లో పెన్సిల్ రాతలు: కొత్తగా పెళ్లయింది, చంటిపిల్ల ఉంది, భర్త ఊళ్లో ఉండడు. ఏ మగవాడి కాగితం అంచునా పెళ్లి ఊసే లేదు. ఇంకా పాత కట్టలో నా దరఖాస్తు కూడా దొరికింది. దాని మీద రాసి ఉంది: భర్త అనుమతి ఉంది. సర్దుకుపోతుంది. నా ఇంటర్వ్యూ రోజు ఒక సారు, "యాడాది లోపల పిల్లల్ని కనవు గదా?" అని అడిగితే గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. నన్ను చూసి నవ్వుతున్నవాళ్లతో కలిసి నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ ఒక్క మాటకు భయపడే, మా పాప దీపిక కడుపులో ఉన్నప్పుడు ఆరో నెల దాకా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. వాంతి వస్తే కొళాయి తిప్పి, ఆ చప్పుడులో కక్కుకుని, మొహం తుడుచుకుని వచ్చి టైపు చేసేదాన్ని. ఆ ఫైళ్లలోని లెక్కంతా ఒక కాగితం మీద రాసి సంచిలో పెట్టుకున్నాను, ఎందుకో అప్పటికి నాకే తెలియదు.

ఈసారి ఖాళీలు రెండు, గట్టులో ఒకటి, వడ్డేపల్లిలో ఒకటి. ముందు జగన్ అనే కుర్రాడు వచ్చాడు. ఫీల్డ్ ఆఫీసర్ వెంకటన్న అతన్ని ఏ ఊరు, ఎవరి కొడుకువు, బండి ఉందా అని అడిగాడు. ఇద్దరికీ తెలిసినవాళ్ల పేర్లు కలిశాయి, క్రికెట్ మాట వచ్చింది, నవ్వుకున్నారు. పదికి ఎనిమిది మార్కులు. తర్వాత గట్టు నుంచి ఈదన్న, నలభై దాటిన మనిషి. కుర్చీ అంచున కూర్చుని, "అవ్ సార్", "తెల్వదు సార్" తప్ప మాట పెగల్లేదు. నాలుగు మార్కులు.

మూడో మనిషి జబీన్. వడ్డేపల్లి, డిగ్రీ చదివింది.

"పెండ్లయ్యిందా?" వెంకటన్న అడిగాడు.

"అయ్యింది సార్. బాబుకు మూడేండ్లు."

"మరి పొద్దున ఆరింటికే వడ్డేపల్లి చేన్ల ఉండాలె. అంత దూరం ఎట్ల పోతవ్?"

"మా ఇల్లు వడ్డేపల్లిలనే సార్."

వెంకటన్న తడబడి, వెంటనే సర్దుకున్నాడు. "అదే, పిల్లగాన్ని ఎవరు సూస్తరు? మీ ఆయన ఒప్పుకుంటడా?"

జబీన్ వేళ్లు ఫైలు చుట్టూ బిగుసుకున్నాయి. ఆ బిగింపు నాకు తెలుసు. ఇప్పుడు ఆమె చిన్నగా నవ్వుతుంది, అందరికీ నచ్చే జవాబు చెబుతుంది, ఆ జవాబును పదకొండేళ్లు మోస్తుంది. అది చూడడం నావల్ల కాలేదు.

"జర ఆగు జబీన్," అన్నాను. "వెంకటన్నా, జగన్‌కు గూడ ఇద్దరు పిల్లలున్నరు, దరఖాస్తుల రాసిండు. ఆయనను అడగలే గదా. పిలిచి అడుగుదమా, పిల్లల్ని ఎవరు సూస్తరని?"

"మగపిల్లగాన్ని గదేం అడుగుతం మల్లీశ్వరీ!"

"అయితే ఈమెను గూడ వద్దు. అందరికీ ఒకటే ప్రశ్న అడుగుదం."

యోహాను సార్ కళ్లద్దాలు తీసి నావైపు చూశారు. సంచిలోంచి కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు.

"తొమ్మిది మంది నడిమిట్లనే పోయిండ్రా?" అన్నారు చివరికి. "నన్నేం చెయ్యమంటవమ్మా?"

"ఈళ్లు చెయ్యాల్సిన పని కుర్సీల లేదు సార్, చేన్ల ఉంది. ఆఫీసు ఎనక మన చేను ఉంది గదా. తలా ఒక సాలు తిరిగి తప్పులు పట్టమందం. తప్పు చేసినామెకు ఏం చెప్తరో మనం ఇందం."

మధ్యాహ్నం అందరం చేనులోకి నడిచాం. కూలికి వచ్చిన ఆడవాళ్లు మొగ్గలు ఒలుస్తున్నారు. జగన్ నిలబడే సాలంతా చూసి రెండు తప్పులు పట్టాడు. "కూలి కోస్తే ఈళ్లే దారికొస్తరు సార్" అన్నాడు. ఈదన్న చెట్ల మధ్య వంగేసరికి వేరే మనిషి అయిపోయాడు. ఎక్కడ మగభాగం మిగిలిందో, ఎక్కడ గోరు తగిలి కాయ చెడుతుందో ఒక్కొక్కటీ చూపించాడు. పొద్దుటి నుంచి మూగబోయిన నోరు ఇక ఆగలేదు. జబీన్ చీర కుచ్చిళ్లు పైకి చెక్కి, ఒక ముసలామె పక్కన మట్టిలోనే కూర్చుంది. "అమ్మా, మొత్తం మంచిగనే ఒలిచినవ్. గీ కింద జరంత మిగిలింది, గోరు గిట్ల పెట్టి తియ్యి" అని చేసి చూపించింది. ఆ ముసలామె తర్వాతి మొగ్గ తప్పు లేకుండా ఒలిచి, మెచ్చుకోమన్నట్టు ఆమె మొహంలోకి చూసింది.

కొత్తగా వేసిన మార్కుల్లో ఈదన్న, జబీన్ ముందు నిలిచారు, రెండు ఖాళీలూ వాళ్లకే. వెంకటన్న తల గోక్కుంటూ, "పదేండ్ల సంది చేన్లు తిరుగుతున్న. గిసొంటి మనిషిని నాలుగు మార్కులిచ్చి ఇంటికి తోలుతుంటి గదా" అన్నాడు. ఆ మాట అన్నందుకు అతని మీద నాకు గౌరవం పెరిగింది.

వెళ్లేటప్పుడు జబీన్ గేటు దగ్గర ఆగింది. "మీరు చెప్పనియ్యలే గని మేడం, మా ఆయన ఒప్పుకున్నడు."

"నాకు అవసరం లేదమ్మా" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఈ నవ్వులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

సాయంత్రం యోహాను సార్ తన గదిలోకి పిలిచి కుర్చీ చూపించారు. "వచ్చే నెల వనపర్తిల, నాగర్‌కర్నూల్ల ఎంపికలున్నయి. ప్రశ్నలు, పరీక్ష అన్నీ నువ్వే తయారు చేసి నడిపియ్యాలె. మూడు దినాలు ఆడనే ఉండాలె. ఒప్పుకుంటవా?"

ఇంట్ల అడిగి చెప్త సార్. ఆ మాట పెదాల దాకా వచ్చింది. స్కూల్లో దీపికను వేరే ఊళ్లో పోటీలకు తీసుకుపోతామన్నప్పుడు, ఆఫీసు వాళ్లందరూ శ్రీశైలం పోదామన్నప్పుడు, ఎప్పుడూ నా నోటి నుంచి మొదట వచ్చే మాట అదే. నేనేం కావాలనుకుంటున్నానో నన్ను నేను అడుక్కునేలోపే అది బయటికి వచ్చేసేది.

"పోత సార్" అన్నాను.

ఇంటికి వచ్చేసరికి సురేందర్ గడప దగ్గర కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. జరిగిందంతా చెప్పాను. అత్త లోపలి నుంచే పకపకా నవ్వింది. మూడు రోజుల సంగతి చెప్పగానే అతని చేయి లేసు మీద ఆగిపోయింది.

"మూడు దినాలా? ఎవర్ని అడిగి ఒప్పుకున్నవ్?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలియక.

"నన్నే అడిగిండ్రు," అన్నాను. "నేనే ఒప్పుకున్న."