అయిపోయింది డాక్టరు

ఆ పళ్ల డాక్టరు గారికి అమ్మానాన్నా ముచ్చటపడి పెట్టుకున్న పేరు ఒకటి ఉంది. బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి కూడా ఉంది. అయినా ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా "అయిపోయింది డాక్టరు గారా? ఆ మందుల షాపు మీద" అనే చెబుతారు. కుర్చీలో కూర్చున్నవాళ్లు నోరు తెరవగానే ఆయన నోట వచ్చే మొదటి మాట అదే మరి. మత్తుసూది చేతిలోకి తీసుకుంటూ "అయిపోయింది" అంటాడు. సూది దిగుతుంటే "అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటాడు. డ్రిల్లు గుయ్యిమంటూ, పేషెంటు కళ్లవెంట నీళ్లు కారుతుంటే "అయిపోయిందంటుంటే వినవేం" అని పైగా కసురుకుంటాడు. తీరా నిజంగా అయిపోయాక మాత్రం ఏమీ అనడు. చేతులు కడుక్కోడానికి వెళ్లిపోతాడు.

చెయ్యి మంచిది, ఆ మాట ఒప్పుకోవాలి. ఆయన సిమెంటు పెట్టిన పన్ను మళ్లీ పేచీ పెట్టిన దాఖలా లేదు. "నొప్పి సగం పంటిలో ఉంటుంది, సగం మనసులో. పంటిది నేను చూసుకుంటా, మనసుది వాళ్లు చూసుకోవాలి" అంటాడు. పని పంచుకున్నట్టే ఉంటుంది వినడానికి.

ఊరి అవతలి చివర కొత్తగా క్లినిక్కు పెట్టిన డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ఆ అమ్మాయంటే ఈయనకి ఎక్కడలేని వెటకారం. సూది వేసేముందు చిగుళ్లకి మత్తు జెల్ రాసి ఆగుతుందట. సూది వేశాక మొద్దుబారిందా లేదా అని అడిగిందే అడుగుతుందట. పేషెంటు చెయ్యెత్తితే ఎక్కడి పని అక్కడ ఆపేస్తుందట. "అక్కడికి పాలపళ్లతో వెళితే కట్టుడు పళ్లతో బయటికి రావచ్చు" అని అన్నం తింటూ భార్యతో చెప్పి తనే నవ్వుకునేవాడు. ఆ అమ్మాయికి నత్త డాక్టరు అని పేరు కూడా పెట్టాడు. భార్య కూడా నవ్వి ఊరుకునేది. ఆ నవ్వుకి అర్థం వేరే ఉందని పాపం ఈయనకెలా తెలుస్తుంది?

అలాంటి మనిషికి కుడివైపు కింది దవడపన్ను నొప్పి పట్టుకుంది. దొంగకి తేలు కుట్టినట్టయింది ఆయన పని. ఎవరితో చెప్పుకుంటాడు? చల్లనీళ్లు మానేశాడు. ఎడమవైపే నమిలాడు. క్లినిక్కులో పనిచేసే సిస్టరు ఇంటికెళ్లాక తన పన్ను తనే ఎక్స్‌రే తీసి చూసుకుంటే, పుచ్చు నరం దాకా దిగిపోయింది. రూట్ కెనాల్ తప్పదు. ఎంత మొనగాడైనా తన పన్ను తను బాగుచేసుకోలేడు కదా.

అసలు సంగతి అది కూడా కాదు. ఆయనకి భయం. ఇంతకాలం కుర్చీ పక్కన నిలబడ్డాడే గానీ, అందులో వెనక్కి వాలి నోరు తెరుచుకోవడం తలుచుకుంటేనే అరచేతులకి చెమటలు పట్టేవి. తెలిసిన డాక్టర్లు లేకపోలేదు. కానీ వాళ్లంతా తనలాంటివాళ్లే. కూర్చోగానే "అయిపోయింది" అంటారు. ఆ మాటలో నిజమెంతో ఈయనకంటే బాగా తెలిసినవాడు భూమ్మీద లేడు.

కాబట్టి ఎక్కడికి బయల్దేరాడో ఈపాటికి మీరే కనిపెట్టి ఉంటారు.

ఇంట్లో "క్లినిక్కుకి కొత్త కుర్చీ బేరం చూసొస్తా" అని చెప్పాడు. భార్య "నేనూ అక్క వాళ్లింటికి వెళ్లొస్తా" అని ఆయనకంటే ముందే బయల్దేరింది. పీడా వదిలిందనుకుని, సందు మలుపు తిరిగాక టోపీ పెట్టి, మాస్కు తగిలించి, బస్సెక్కాడు. నత్త డాక్టరు గారి వెయిటింగ్ రూములో గోడవైపు తిరిగి మూలకుర్చీలో ఒదిగి కూర్చున్నాడు. పక్క కుర్చీలో ఒకావిడ మొహానికి పుస్తకం అడ్డం పెట్టుకుని చదువుకుంటోంది. ఆవిడ పేజీ తిప్పినప్పుడు చేతి గడియారం కనబడింది. ఆ గడియారం కొన్నది తనే.

"కుర్చీ బేరం కుదిరిందా?" అంది భార్య, పుస్తకం దించకుండానే.

ఆయన టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. "మీ అక్క ఇల్లు మారిందా?" అన్నాడు.

"మారలేదు. సిమెంటు ఊడింది. పెట్టించుకోడానికి వచ్చా."

"ఎన్నాళ్లనుంచి వస్తున్నావ్ ఇక్కడికి?"

"ఈ అమ్మాయి క్లినిక్కు తెరిచిన దగ్గర్నుంచీ."

"ఇంట్లో డాక్టర్ని పెట్టుకుని..."

"పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదు కదండీ" అని నవ్వింది.

ఆయన నవ్వలేదు. పన్ను సలపడం కూడా కాసేపు మర్చిపోయాడు. ఊరంతా తన గుమ్మం ఎక్కుతుంటే, తనతో కాపురం చేస్తున్న మనిషి బస్సెక్కి ఇంకొకరి దగ్గరికి వెళుతోందంటే అదేమైనా చిన్న మాటా? మనసు చివుక్కుమంది. "నా చెయ్యి మంచిది కాదా?" అని మెల్లగా అడిగాడు.

"చెయ్యి బంగారం" అంది భార్య. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. "నా జ్ఞానదంతం తీశారే, ఆ రోజు మత్తు సరిగ్గా ఎక్కలేదని చెయ్యెత్తాను. మీరు ఆ చెయ్యి పట్టుకుని దించేసి, అయిపోయింది అన్నారు. అప్పటికింకా మొదలే పెట్టలేదు. నొప్పి సంగతి ఎప్పుడో మర్చిపోయానండీ. మీరు నాతో అబద్ధమాడారు, అదే మర్చిపోలేదు. మళ్లీ మీ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు."

ఆయన ఆ రోజు కోసం ఎంత వెతుక్కున్నా గుర్తుకు రాలేదు. రోజూ చేసే పనిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అదే ఆయన్ని ఇంకా బాధపెట్టింది.

అంతలో లోపలికి పిలిచారు. టోపీ, మాస్కు ఏమీ పనిచెయ్యలేదు. "రండి సార్" అని డాక్టరమ్మ లేచి నిలబడింది. "నొప్పి బాగా ఉందా?"

"అబ్బే, ఊరికే చూపిద్దామని" అన్నాడాయన.

"ఉందమ్మా" అంది వెనకాలే వచ్చిన భార్య. "ఈమధ్యంతా ఎడమవైపే నములుతున్నారు. నాకు తెలియదనుకుంటున్నారు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని ఆయన్ని కుర్చీలో పడుకోబెట్టింది. జెల్ రాసింది. ఆగింది. సూది కూడా నిదానంగా వేసి, మొద్దుబారిందో లేదో చూసుకుంది. "ఎడమ చెయ్యి మీ ఇష్టం సార్. అది ఎత్తితే ఆపేస్తాను."

"మొత్తం ఆపేస్తావా?"

"మొత్తం."

డ్రిల్లు ఇంకా పంటికి తగలనే లేదు, చెయ్యి లేచింది. డాక్టరమ్మ ఆపి, డ్రిల్లు పక్కన పెట్టి, ఎదురుచూసింది. "కుర్చీ కొంచెం ఎత్తుగా ఉన్నట్టుంది" అన్నాడు. కుర్చీ దించింది. మళ్లీ చెయ్యి లేచింది. ఈసారి లైటు కళ్లలో పడుతోందట. లైటు జరిపింది. మూడోసారి చెయ్యి లేచేసరికి సాకులు కూడా అయిపోయాయి. పైకప్పు వైపు చూస్తూ "భయమేస్తోందమ్మా" అన్నాడు ఆ మహానుభావుడు.

భార్య నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. కుర్చీ జరుపుకుని దగ్గరికి వచ్చి కూర్చుంది.

"వేస్తుంది సార్" అంది డాక్టరమ్మ. "ఎంతైందో, ఇంకెంత ఉందో ఎప్పటికప్పుడు చెబుతుంటాను."

అన్నట్టే చెప్పింది. "పావు వంతు అయింది సార్." "సగమైంది, ఇంకో సగముంది." ఇంకా సగముందన్న మాట వింటే గుండె జారాలి నిజానికి. చిత్రంగా ఆయనకి ధైర్యం వచ్చింది. ఆ సగం నిజంగా సగమే కాబట్టి మిగిలిన సగం కూడా అంతే ఉంటుంది. చెయ్యి మళ్లీ లేవలేదు. చివరికి డాక్టరమ్మ "అయిపోయింది సార్" అంది. ఆ మాట పని అయ్యాక వినడం ఆయనకదే మొదటిసారి.

తర్వాత వంతు భార్యది. ఆవిడ మాత్రం సంచీ భుజానికి తగిలించుకుని, "నేను ఇంకోరోజు వస్తానేమోనమ్మా. రానేమో కూడా. చూడాలి" అంది.

ఏం చూడాలని ఆయన అడగలేదు. దవడ మొద్దుబారి ఉందని కాదు, అడిగితే ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని. తిరుగుబస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

మర్నాడు పొద్దున భార్య వచ్చి ఆయన కుర్చీలో కూర్చుంది. ఈ ఒక్కసారి చెడగొట్టుకుంటే ఈ మనిషి జన్మలో మళ్లీ ఈ కుర్చీ ఎక్కదని ఆయనకి తెలుసు. జెల్ రాశాడు. ఆగాడు. సూది వేసి మళ్లీ ఆగాడు. "మొద్దుబారిందా?" అని అడిగాడు. ఎంతోకాలంగా పనిచేస్తున్న సిస్టరు, డాక్టరు గారికి ఒంట్లో బాగాలేదేమోనని అనుమానంగా చూసింది. "అయిపోయింది" అన్న మాట నాలుక చివరిదాకా వస్తే మింగేసి, "ఇప్పుడు మొదలుపెడుతున్నాను" అన్నాడు.

డ్రిల్లు గుయ్యిమంది. భార్య చెయ్యెత్తింది.

ఆయన కాలు డ్రిల్లు పెడల్ మీంచి లేచింది. డ్రిల్లు పక్కన పెట్టి మాస్కు కిందికి లాగాడు. "నొప్పా?"

తల అడ్డంగా ఊపింది.

"భయమా?"

కాదంది.

"మరి?"

"ఏం లేదు" అంది, నోట్లో దూదితోనే. "ఆపుతారో లేదో చూద్దామని."

చెయ్యి మాత్రం దించలేదు. ఆయన దాన్ని పట్టుకోలేదు, దించలేదు. స్టూలు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బయట వెయిటింగ్ రూములో ఎవరో దగ్గారు. సిస్టరు గోడ గడియారం వంక చూసింది. కాసేపటికి భార్య తన చెయ్యి తనే దించి ఒళ్లో పెట్టుకుని, నోరు తెరిచింది.